చీలమండ ఎముక విరిగితే: దెబ్బ తగిలిన గంట నుంచి మళ్లీ నడిచేదాకా

రాజీవ్ ఆరోగ్యశ్రీ లబ్ధిదారుల కోసం ఆరోగ్య పాఠం

ఈ పీడీఎఫ్‌ను ఫోన్లో దాచుకోండి. ఇంట్లో చదవడం రాని పెద్దలుంటే చదివి వినిపించండి. మీ వాడకట్టు గ్రూపులో, సంఘం గ్రూపులో పెట్టండి. కాలు విరిగిన రోజున వెతుక్కుంటూ కూర్చునే తీరిక ఎవరికీ ఉండదు.

ఈ పాఠం ఎందుకు

గుండె నొప్పి అంటే అందరం భయపడతాం, వెంటనే బండి మాట్లాడతాం. కాలు మడతపడి చీలమండ వాస్తే మాత్రం "రెండు రోజులైతే అదే తగ్గుతది" అంటాం. ఆ రెండు రోజులు రెండు వారాలవుతాయి. విరిగిన ఎముక వంకరగా అతుక్కుంటుంది. ఆ తర్వాత జీవితాంతం కుంటు, నొప్పి, పని పోవడం. కూలి చేసుకునే ఇంట్లో ఒక కాలు పోతే ఒక సంపాదన పోయినట్టే.

సమయానికి వెళ్తే చీలమండ విరుపు చాలావరకు బాగయ్యేదే. వైద్యం ఉంది, కార్డు ఉంది. తెలియాల్సింది మూడు సంగతులు: ఎప్పుడు వెళ్లాలి, ఎక్కడికి వెళ్లాలి, వెళ్లాక ఏం అడగాలి.

చీలమండ అంటే ఏది

పట్టీలు పెట్టుకునే చోట కాలికి లోపలి వైపు ఒకటి, బయటి వైపు ఒకటి ఉబ్బెత్తుగా రెండు ఎముకలు చేతికి తగులుతాయి. ఒకసారి తడిమి చూసుకోండి. లోపలి ఉబ్బు పిక్కలోని పెద్ద ఎముక చివర. దాని పేరు టిబియా. బయటి ఉబ్బు పక్కనే ఉన్న సన్న ఎముక చివర. దాని పేరు ఫిబులా. ఈ రెండూ కలిసి పైనుంచి ఒక గూడులా ఉంటాయి. ఆ గూడులో పాదం తాలూకు టాలస్ అనే ఎముక సరిగ్గా ఇమిడి ఉంటుంది. తలుపు చట్రంలో తలుపు ఇమిడినట్టు అనుకోండి.

చట్రం కొంచెం పక్కకు జరిగితే తలుపు పడదు. చీలమండ కూడా అంతే. లోపలి టాలస్ ఎముక 1 మిల్లీమీటరు పక్కకు జరిగితే చాలు, కీలులో ఎముకలు ఒకదానికొకటి ఆనే చోటు 40 శాతానికి పైగా తగ్గుతుందని 1976లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. ఒళ్లంతటి బరువు ఆ మిగిలిన చోటు మీదే పడుతుంది. అక్కడ మృదులాస్థి అరిగి, కొన్నేళ్లకు కీళ్లవాతం వస్తుంది. అందుకే చేతి వేలు విరిగినదానికీ, చీలమండ విరిగినదానికీ ఒకటే లెక్క కాదు.

ఎలా విరుగుతుంది

ఎక్కువసార్లు పెద్ద ప్రమాదమే అక్కర్లేదు. పాదం నేల మీద ఆగిపోయి, ఒళ్లు పక్కకు తిరిగితే చాలు.

1. మెట్లు దిగుతూ చివరి మెట్టు ఉందో లేదో తెలియక పడటం.
2. వానాకాలంలో నల్లా దగ్గర, బాత్రూంలో, పాచి పట్టిన వాకిట్లో జారడం.
3. పొలం గట్టు మీద, కాలువ ఒడ్డున, కంకర రాళ్ల మీద కాలు మడతపడటం.
4. బైకు మీద నుంచి పడటం, బండి కాలి మీద పడటం.
5. చెట్టు మీద నుంచి, గోడ కట్టే పరంజా మీద నుంచి, ట్రాక్టర్ ట్రాలీ మీద నుంచి దూకడం లేదా పడటం.
6. కబడ్డీ, వాలీబాల్ ఆటల్లో కాలు మెలిపడటం.

కొందరికి చిన్న దెబ్బకే ఎముక విరుగుతుంది. నెలసరి ఆగిపోయిన స్త్రీలలో, వయసు మళ్లినవారిలో ఎముక గుల్లబారి బలం తగ్గుతుంది. ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడినవారికీ ఇదే ఇబ్బంది. షుగర్ ఎక్కువకాలంగా ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గి, విరిగినా నొప్పి పెద్దగా తెలియదు. అలాంటివారు విరిగిన కాలితోనే వారాలపాటు నడుస్తారు. మీ ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్ల పాదం ఉన్నట్టుండి వాచి, ఎర్రబడి, వేడిగా ఉంటే నొప్పి లేదన్నా సరే డాక్టర్‌కు చూపించండి.

బెణుకా, విరుపా? ఇంట్లోనే చేసే పరీక్ష

ఎక్స్‌రే తీయాలా వద్దా అని తేల్చడానికి డాక్టర్లు వాడే సులువైన పద్ధతి ఒకటి ఉంది. కెనడాలోని ఒట్టావాలో తయారైంది కాబట్టి దాన్ని ఒట్టావా సూత్రాలు అంటారు. మీకు కావలసినంత వరకు దాని సారం ఇది:

• దెబ్బ తగిలిన వెంటనే, ఆ తర్వాత కూడా ఆ కాలి మీద నాలుగు అడుగులు వేయలేకపోతున్నారా? కుంటుతూ వేసినా వేసినట్టే. అసలు వేయలేకపోతే ఎక్స్‌రే కావాలి.
• లోపలి ఉబ్బు లేదా బయటి ఉబ్బు ఎముక వెనుక అంచున, లేదా దాని కొనన వేలితో మెల్లగా నొక్కితే నొప్పి భరించలేకుండా ఉందా? అయితే ఎక్స్‌రే కావాలి.

ఈ రెండింటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆస్పత్రికి వెళ్లండి. వేళ్లు కదులుతున్నాయి కాబట్టి విరగలేదు అనుకోవడం తప్పు. ఎముక విరిగినా వేళ్లు కదులుతాయి. షుగర్ వల్ల స్పర్శ తగ్గినవారికి, తాగి పడినవారికి, చిన్న పిల్లలకు ఈ పరీక్ష నమ్మదగినది కాదు. వాళ్లను నేరుగా డాక్టర్‌కే చూపించాలి.

పాదం ఒక పక్కకు తిరిగిపోయి కనిపించినా, చర్మం చీలి ఎముక బయటికి కనిపించినా, పాదం చల్లబడినా, రంగు మారినా పరీక్షలతో పని లేదు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

మొదటి గంటలో చేయాల్సినవి

1. కాలు కింద పెట్టనివ్వకండి. ఎత్తుకుని లేదా కుర్చీలో కూర్చోబెట్టి తీసుకెళ్లండి.
2. పట్టీలు, మెట్టెలు, చెప్పులు, బూట్లు వెంటనే తీసేయండి. వాపు పెరిగాక రావు.
3. కాలు ఎలా ఉంటే అలాగే ఉంచి, రెండు వైపులా దిండు గానీ మడిచిన దుప్పటి గానీ పెట్టి మెత్తగా, వదులుగా కట్టండి.
4. కాలిని గుండె కంటే ఎత్తులో ఉంచండి.
5. ఐసు ముక్కలు బట్టలో చుట్టి 15 నిమిషాలు పెట్టండి. ఐసు నేరుగా చర్మానికి తగలకూడదు.
6. గాయం తెరుచుకుని ఉంటే శుభ్రమైన బట్ట కప్పండి. పసుపు, కాఫీ పొడి, సున్నం వంటివి చల్లకండి. తర్వాత వాటిని కడిగి తీయడమే పెద్ద పని అవుతుంది.
7. పాదం వంకర తిరిగి ఉంటే డాక్టర్ చూసేదాకా ఏమీ తినిపించకండి. మత్తు ఇవ్వాల్సి రావచ్చు. షుగర్, బీపీ మందులు వాడుతుంటే ఆ మాట 108 సిబ్బందికి చెప్పండి.

చేయకూడనివి: నూనె రాసి మర్దన చేయడం, వేడి కాపడం, "పట్టు వదులుతది" అని కాలు పట్టి లాగడం, గట్టిగా తాడు కట్టినట్టు కట్టడం.

నాటు కట్టు గురించి ఒక మాట

పుత్తూరు కట్టు పేరుతో మన ఊళ్లలోనూ బోర్డులు కనిపిస్తాయి. ఎవరి వృత్తినీ కించపరచడం ఈ పాఠం ఉద్దేశం కాదు. అయితే చీలమండ విషయంలో మీరు ఒక సంగతి తెలుసుకోవాలి. ఇది కీలు లోపలికి వెళ్లే విరుపు. ఎక్స్‌రే చూడకుండా లోపల ఎముక ఎటు జరిగిందో ఎవరి చేతికీ తెలియదు. పైగా మొదటి రెండు మూడు రోజులు వాపు పెరుగుతూనే ఉంటుంది. ఆ సమయంలో వెదురు బద్దలు పెట్టి బిగిస్తే రక్తం ఆడక కండ చచ్చిపోయే ప్రమాదం ఉంది.

ఇది పుస్తకంలో చదివి చెబుతున్న మాట కాదు. నేను జర్నలిజం చదువుతూ హాస్టల్లో ఉన్న రోజుల్లో మా అమ్మ వానకు తడిసిన వాకిట్లో జారింది. ఫోన్లో "బెణికింది బిడ్డా, కట్టు కట్టించిన, ఏం కాలే" అంది. నేను నమ్మాను. ఐదు వారాల తర్వాత కట్టు విప్పితే పాదం బయటికి తిరిగి ఉంది. అప్పుడు ఆస్పత్రికి తీసుకెళ్తే, తప్పుగా అతుక్కున్న ఎముకను మళ్లీ విడదీసి సరిచేయాల్సి వచ్చింది. మొదటి వారంలో వస్తే ఇంత పెద్ద ఆపరేషన్ అయ్యేది కాదని డాక్టర్ చెప్పారు. ఆ ఏడు బతుకమ్మకు అమ్మ ఆడలేదు, కుర్చీలో కూర్చుని చప్పట్లు కొట్టింది. ఇప్పటికీ మెట్లు దిగాలంటే గోడ పట్టుకుంటుంది. ఆరోగ్యశ్రీ కార్డు అప్పుడు బీరువాలోనే ఉంది. బయటికి తీయాలని ఇంట్లో ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

మీ ఇంట్లో అలా కాకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ఆస్పత్రిలో ఏం చేస్తారు

ముందు రక్తం ఆడుతోందా, వేళ్లకు స్పర్శ ఉందా చూస్తారు. పాదం పక్కకు తిరిగిపోయి ఉంటే నొప్పి తెలియకుండా మందు ఇచ్చి దాన్ని వెంటనే సరైన చోటికి తెస్తారు. దీన్ని ఆలస్యం చేస్తే పైనున్న చర్మం చచ్చిపోతుంది. గాయం తెరుచుకుని ఉంటే యాంటీబయాటిక్, ధనుర్వాతం రాకుండా టీటీ ఇంజెక్షన్ ఇస్తారు. ఆ తర్వాత ఆపరేషన్ థియేటర్‌లో గాయాన్ని బాగా కడుగుతారు.

ఎక్స్‌రే ఒకటి కాదు, సాధారణంగా మూడు కోణాల్లో తీస్తారు. "ఒక్క కాలుకు మూడు ఎక్స్‌రేలా" అని అనుమానపడకండి. ఒక కోణంలో కనిపించని విరుపు ఇంకో కోణంలో కనిపిస్తుంది. వెనుక వైపు ఎముక కూడా విరిగిందనిపిస్తే సీటీ స్కాన్ రాస్తారు.

ఎక్స్‌రే చూశాక దారి రెండుగా చీలుతుంది.

మొదటి దారి, ఆపరేషన్ లేకుండా. బయటి వైపు ఎముక ఒక్కటే విరిగి, గూడు చెదరకుండా ఉంటే దాన్ని నిలకడగా ఉన్న విరుపు అంటారు. దీనికి సిమెంట్ కట్టు లేదా ప్రత్యేకమైన బూటు సరిపోతుంది. సుమారు ఆరు వారాలు ఉంచాలి. ఎముక జరగలేదని తేల్చుకోవడానికి వారం, పది రోజులకు మళ్లీ ఎక్స్‌రే తీస్తారు. "నొప్పి తగ్గింది కదా" అని ఆ రోజు మానేయకండి. అసలు పరీక్ష అదే.

రెండో దారి, ఆపరేషన్. లోపలి, బయటి ఎముకలు రెండూ విరిగినా, వెనుక అంచుతో కలిపి మూడు చోట్ల విరిగినా, రెండు పిక్క ఎముకలను పట్టి ఉంచే నరాల కట్టు లాంటి బంధనం తెగినా గూడు నిలవదు. అప్పుడు ఎముకలను సరిగ్గా పేర్చి ప్లేటు, స్క్రూలతో బిగిస్తారు. ఎక్కువగా నడుము దగ్గర ఇంజెక్షన్ ఇచ్చి కింది భాగానికి మాత్రమే మత్తు ఇస్తారు. మీకు మెలకువగానే ఉంటుంది.

"ఇయ్యాల చేస్తమని రేపంటున్నరు" ఎందుకు?

ఎక్కువ గొడవలు ఇక్కడే జరుగుతాయి. రోగిని చేర్చుకున్నాక నాలుగైదు రోజులు, ఒక్కోసారి పది రోజుల దాకా ఆపరేషన్ చేయరు. బంధువులు "కార్డు పేషెంటని పక్కన పెట్టిన్రు" అనుకుంటారు. కొందరు సంతకం పెట్టి రోగిని ఇంటికి తీసుకెళ్లిపోతారు. అక్కడితో కథ అడ్డం తిరుగుతుంది.

అసలు కారణం వాపు. చీలమండ దగ్గర కండ తక్కువ, చర్మం కింద నేరుగా ఎముకే. బాగా వాచిన చర్మాన్ని కోస్తే కుట్లు కలవవు, గాయం పగిలి చీము పడుతుంది. అందుకే కాలు ఎత్తి పెట్టి, వాపు దిగి చర్మం మీద సన్నని ముడతలు వచ్చేదాకా ఆగుతారు. నీటి బొబ్బలు వస్తే అవి ఆరాలి. వాపు రాకముందే తొలి గంటల్లో చేరినవారికి వెంటనే చేయగలిగిన సందర్భాలూ ఉంటాయి. త్వరగా వెళ్లమని చెప్పడానికి అదీ ఒక కారణం.

ఆ రోజుల్లో మీ పని ఒకటే: కాలు ఎత్తులో ఉండేలా చూడటం. కాలు మంచం అంచు నుంచి కిందికి వేలాడేసి కూర్చుంటే దిగిన వాపు మళ్లీ ఎక్కుతుంది, ఆపరేషన్ ఇంకో రోజు వెనక్కి పోతుంది. అయినా అనుమానం ఉంటే కోపం తెచ్చుకోకుండా డాక్టర్‌ను ఇలా అడగండి: "ఆపరేషన్ ఆగింది వాపు వల్లా, అనుమతి రాకపోవడం వల్లా, ఇంకేదైనానా?" మీకు జవాబు తెలుసుకునే హక్కు ఉంది.

కార్డుతో ఏం చేయాలి

ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి కుటుంబానికి ఏడాదికి వైద్య పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచారు. కాలు విరిగిన రోజున వరుసగా చేయాల్సినవి ఇవి:

1. ఆహార భద్రతా కార్డు, రోగి ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోండి. రెండింటి ఫొటోలు ఇప్పుడే తీసి ఫోన్లో దాచండి. కార్డులో రోగి పేరు ఉందో లేదో ఈరోజే చూసుకోండి. కొత్త కోడలి పేరు, పిల్లల పేర్లు చాలా ఇళ్లలో ఎక్కి ఉండవు.
2. జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ పెద్దాస్పత్రిలో గానీ, పథకం నెట్‌వర్క్‌లో ఉన్న ప్రైవేటు ఆస్పత్రిలో గానీ చేరవచ్చు. దగ్గరలో ఏ ఆస్పత్రిలో ఎముకల విభాగానికి సేవలు ఉన్నాయో 104కి ఫోన్ చేసి అడగండి.
3. ఆస్పత్రిలో ముందుగా ఆరోగ్యమిత్రను కలవండి. ఆరోగ్యశ్రీ కౌంటర్‌లో ఉంటారు. మీ చికిత్స పథకం జాబితాలో ఉందా అని అక్కడే తేల్చుకోండి.
4. ఆపరేషన్‌కు ముందుగా ట్రస్టు అనుమతి కావాలి. ఎక్స్‌రే, రిపోర్టులు ఆస్పత్రివాళ్లే ఆన్‌లైన్‌లో పంపుతారు. ప్రాణం మీదికి వచ్చిన కేసుల్లో ఫోన్ ద్వారా కూడా అనుమతి తీసుకునే ఏర్పాటు ఉంది. అనుమతి కోసం మీరు హైదరాబాద్ వెళ్లనక్కర్లేదు, ఎవరికీ డబ్బు ఇవ్వనక్కర్లేదు.
5. అనుమతి వచ్చిన చికిత్సలో పరీక్షలు, మందులు, ఆపరేషన్, లోపల వేసే ప్లేట్లు, స్క్రూలు, రోగికి భోజనం అన్నీ ప్యాకేజీలోనే ఉంటాయి. డిశ్చార్జి అయ్యాక 10 రోజుల మందులు ఇవ్వాలి. డిశ్చార్జి తర్వాత 30 రోజుల లోపు అదే ఆపరేషన్ వల్ల ఇబ్బంది వస్తే ఆ చికిత్స కూడా ప్యాకేజీలోకే వస్తుంది. ఈ 10, 30 అంకెలు గుర్తుపెట్టుకోండి.
6. "మంచి ప్లేటు వేస్తం, బయట కొనుక్కు రండి" అని ఎవరైనా అంటే ముందు ఆరోగ్యమిత్రకు చెప్పండి. డబ్బు కట్టాల్సి వస్తే రసీదు లేకుండా కట్టకండి. ఫిర్యాదుకు 104 ఉంది. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంది. రసీదు ఉంటేనే మీ ఫిర్యాదుకు బలం.

సిమెంట్ కట్టుతో సరిపోయే విరుపు అయితే ఆస్పత్రిలో చేరాల్సిన పని సాధారణంగా ఉండదు. అలాంటప్పుడు ప్రభుత్వ ఆస్పత్రి ఓపీకి వెళ్లండి. ఎక్స్‌రే, కట్టు ఉచితం.

రోడ్డు ప్రమాదమైతే: ఆస్పత్రిలో ఆ మాట దాచకండి. పోలీసు కేసు అవుతుందని మెట్ల మీద పడ్డానని చెప్పేవాళ్లున్నారు. దానివల్ల నష్టం మీకే. వాహన ప్రమాద బాధితులకు నగదు లేకుండా చికిత్స అందించే కేంద్ర పథకాన్ని 2025 మేలో ప్రకటించారు. దాని కింద ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల దాకా, మనిషికి లక్షన్నర రూపాయల వరకు చికిత్స ఉంటుంది. తర్వాత బీమా పరిహారం అడగాలన్నా మొదటి రోజు రికార్డే ఆధారం.

ఆస్పత్రి మంచం మీద ఉన్నప్పుడు పడిపోతే

వేరే జబ్బుతో ఆస్పత్రిలో చేరి, అక్కడ జారి పడి చీలమండ విరగ్గొట్టుకునేవారూ ఉంటారు. జ్వరం తగ్గి నీరసంగా ఉన్నవాళ్లు, బీపీ మాత్రలు, నిద్ర మాత్రలు వేసుకున్నవాళ్లు, కంటి ఆపరేషన్ అయినవాళ్లు రాత్రి పూట బాత్రూంకు లేచినప్పుడే ఎక్కువ ప్రమాదం. రోగి వెంట ఉండేవారు ఇవి గమనించండి:

• మంచం మీద నుంచి ఒక్కసారిగా లేవనివ్వకండి. రెండు నిమిషాలు కూర్చోబెట్టి, తల తిరగడం లేదన్నాకే నిలబెట్టండి.
• రాత్రి బాత్రూంకు ఒంటరిగా పంపకండి. "వాణ్ని లేపుడెందుకు పాపం, పండుకున్నడు" అని పెద్దవాళ్లు మిమ్మల్ని లేపరు. పడుకునే ముందే గట్టిగా చెప్పి ఉంచండి.
• నేల తడిగా ఉంటే సిబ్బందికి చెప్పి తుడిపించండి.
• చెప్పులు వెనుక పట్టీ ఉన్నవి వేయండి. సెలైన్ పైపు, చీర అంచు, లుంగీ కాళ్లకు అడ్డం పడకుండా చూడండి.
• పడితే దాచకండి. వెంటనే నర్సుకు చెప్పి కేసు షీటులో రాయించండి, ఎక్స్‌రే అడగండి.

ఇంటికి వచ్చాక

ఆపరేషన్ అయిందంటే సగం వైద్యం అయినట్టు. మిగతా సగం మీ ఇంట్లోనే.

కాలు మోపడం: ఎప్పుడు మోపాలో డాక్టర్ చెప్పిన తేదీ చీటీ మీద రాయించుకోండి. చాలామందికి సుమారు ఆరు వారాలు పడుతుంది. విరుపును బట్టి కొందరికి ముందే అనుమతిస్తారు. షుగర్ ఉన్నవారికి ఇంకా ఎక్కువ కాలం పట్టవచ్చు.

మెట్లు: ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు చేతికర్రలు, దెబ్బ కాలు ముందు.

కుట్లు: సాధారణంగా రెండు వారాలకు తీస్తారు. అప్పటిదాకా తడపకండి.

కట్టు: దురద పెడితే లోపలికి చీపురు పుల్ల, దువ్వెన పెట్టకండి. నూనె పోయకండి. లోపల పడిన చిన్న గీరే పుండు అవుతుంది.

మరుగుదొడ్డి: గొంతుకు కూర్చోవడం చాలా నెలలు కష్టం. కమోడ్ కుర్చీ ఏర్పాటు చేసుకోండి.

వ్యాయామం: వేళ్లు, మోకాలు రోజూ కదిలిస్తూ ఉండాలి. కట్టు తీశాక ఫిజియోథెరపీ చేయించుకోవాలి. అది మానేస్తే ఎముక అతికినా కీలు బిగుసుకుపోతుంది.

తిండి: పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు వద్దని పథ్యం పెడతారు. అది నిజం కాదు. గాయం మానడానికి మాంసకృత్తులే కావాలి. పప్పు, గుడ్డు, పాలు, రాగి జావ, ఆకుకూరలు పెట్టండి. కాసేపు ఎండలో కూర్చోబెట్టండి.

బీడీ, సిగరెట్: ఎముక అతకడాన్ని ఆలస్యం చేస్తాయి, గాయం చెడే ప్రమాదం పెంచుతాయి. ఈ మూడు నెలలైనా మానండి.

బండి నడపడం: కుడి కాలికి ఆపరేషన్ అయితే గట్టిగా బ్రేకు తొక్కే శక్తి రావడానికి రెండు నెలలకు పైగా పడుతుంది. డాక్టర్ సరే అనేదాకా వద్దు.

సాయంత్రానికి కాలు వాయడం కొన్ని నెలలు ఉంటుంది. భయపడకండి. పూర్తిగా కోలుకోవడానికి ఆరు నెలల నుంచి ఏడాది పట్టవచ్చు.

వెంటనే ఆస్పత్రికి వెళ్లాల్సిన గుర్తులు

• వేళ్లు నీలంగా, తెల్లగా, చల్లగా మారడం, తిమ్మిరెక్కి స్పర్శ పోవడం
• మందు వేసినా తగ్గకుండా పెరుగుతున్న నొప్పి, కట్టు లోపల బిగదీసినట్టు ఉండటం
• గాయం నుంచి చీము, దుర్వాసన, చలి జ్వరం
• పిక్కలో కొత్తగా గట్టి నొప్పి, వాపు
• ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి

చివరి గుర్తు కనిపిస్తే ఆలోచించకండి, 108కి ఫోన్ చేయండి. కదలకుండా ఉన్న కాలిలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరితే ప్రాణానికే ప్రమాదం.

మీరు తరచూ అడిగే ప్రశ్నలు

"లోపల వేసిన ప్లేటు మళ్లీ తీయాల్నా సార్?"
అందరికీ అక్కర్లేదు. గుచ్చుకుంటున్నా, చీము పట్టినా తీస్తారు. రెండు ఎముకలను కలిపి వేసిన పొడవాటి స్క్రూను మాత్రం కొందరికి కొన్ని నెలల తర్వాత తీస్తారు. ఆ విషయం డిశ్చార్జి రోజునే అడిగి రాయించుకోండి.

"మా అమ్మకు డెబ్భై ఏండ్లు. గీ వయసుల ఆపరేషన్ ఎందుకు?"
వయసు ఒక్కటే చూసి వద్దనరు. గుండె, షుగర్, చర్మం పరిస్థితి చూసి డాక్టర్ నిర్ణయిస్తారు. కొందరు పెద్దవాళ్లకు బాగా అమర్చిన కట్టే మంచి దారి కావచ్చు. రెండు దారుల లాభనష్టాలు అడిగి తెలుసుకోండి.

"నెల దాటిపోయింది. ఇప్పుడు పోతే ఏం లాభం?"
లాభం ఉంది. ఆలస్యమైనా సరిచేసే ఆపరేషన్లు ఉన్నాయి. ఇంకా ఆలస్యం చేస్తే కీలు అరిగిపోతుంది. రేపు పొద్దున్నే వెళ్లండి.

ఈరోజే చేయాల్సిన మూడు పనులు

ఒకటి, ఆహార భద్రతా కార్డులో ఇంట్లో అందరి పేర్లు ఉన్నాయో చూసుకోండి. లేకపోతే మీసేవలో దరఖాస్తు పెట్టండి.
రెండు, 104, 108 నంబర్లు ఫోన్లో వేసుకుని, ఇంట్లో పిల్లలకు, పెద్దలకు చెప్పండి.
మూడు, నల్లా దగ్గర, బాత్రూంలో పట్టిన పాచిని సున్నం, బ్లీచింగ్ వేసి గీకండి.

మూడో పని అరగంటది. మా ఇంట్లో ఆ ఏడు ఆ అరగంట ఎవరికీ దొరకలేదు.

జిల్లా సమాచార, పౌర సంబంధాల అధికారి